రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం: టంకశాల తప్పా, తర్వాత చేసిన పనా?

ప్రశ్న: నాణేనికి రెండు వైపులా బొమ్మే ఉంది. అంచు మీద అతుకేమీ కనబడలేదు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: అతుకు అంచు మీద ఉండదండీ. ఒక నాణేన్ని గిన్నెలా తొలిచి, రెండోదాన్ని పలచగా అరగదీసి అందులో బిగిస్తారు. అందుకే అతుకు గీత, నాణెం చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే గట్టు లోపలి మూలలో దాక్కుంటుంది, అదీ ఒకవైపే. 10 రెట్ల భూతద్దం పట్టి, లైటు పక్కనుంచి పడేలా పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పండి. వెంట్రుకంత గీత చుట్టూరా సాగితే అతికించిందే.

జవాబు 2: వేలికొన మీద ఆనించి ఇంకో నాణెంతో తట్టండి. అతికినది ఖంగుమని మోగదు, టక్కుమని ఆగిపోతుంది. అదే రకం మంచి నాణేన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. నేలకేసి కొట్టొద్దు, అంచు నొక్కుకుపోతుంది.

జవాబు 3: 0.01 గ్రాము చూపే త్రాసులో తూచి, అదే రకం మంచి నాణెం బరువుతో పోల్చండి. కానీ బరువు ఒక్కదాన్నే నమ్మకండి, వాడకంలో అరిగినా తగ్గుతుంది. గీత కోసమని తోమొద్దు!