పిండం పైపొరకు లేజర్‌తో రంధ్రం చేయించడం అవసరమా?

శిరీష_బెజవాడ:
నా వయసు 38. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్) చికిత్సలో గతంలో జరిగిన పిండ బదిలీ ఫలించలేదు. ఫ్రీజ్ చేసి భద్రపరిచిన పిండాలలో ఒకదానిని వచ్చే నెల గర్భాశయంలో ప్రవేశపెడతారు. అంతకుముందు లేజర్ అసిస్టెడ్ హ్యాచింగ్, అంటే పిండం పైపొరకు లేజర్‌తో రంధ్రం, చేయిస్తే మంచిదని, అది ప్యాకేజీలో లేదు కనుక రుసుము విడిగా చెల్లించాలని ఆసుపత్రివారు చెప్పారు. ఒప్పుకోవాలా, వద్దా?

ల్యాబ్_మనిషి:
నేను ఎంబ్రియాలజిస్టుని, ల్యాబ్‌లో పిండాలను చూసుకునే పని నాది. పిండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే గ్లైకోప్రొటీన్ పొర ఉంటుంది. బ్లాస్టోసిస్ట్ దశకు (ఐదారు రోజుల వయసుకు) చేరిన పిండం ఆ పొరను చీల్చుకొని బయటికి వస్తేనే గర్భాశయపు లోపలి గోడకు అంటుకోగలదు. వయసు పెరిగినవారిలోనూ, ఫ్రీజ్ చేసి కరిగించిన పిండాలలోనూ ఆ పొర గట్టిపడవచ్చునన్నది ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన. 1990 ప్రాంతంలో జాక్ కోహెన్ బృందం దీనిని ప్రచారంలోకి తెచ్చినప్పుడు పొరను సన్నని సూదితో చీల్చేవారు, లేదా ఆమ్ల టైరోడ్ ద్రావణంతో కరిగించేవారు. ఇప్పుడు డయోడ్ లేజర్‌తో మిల్లీసెకన్లలో పని పూర్తవుతుంది. మీది కరిగించిన పిండం కనుక నేనైతే చేయించమంటాను.

లెక్కల_మాస్టారు:
ఆలోచన బాగుంది, ఫలితం మాట చెప్పండి. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021లో వెలువరించిన సమీక్ష 39 ప్రయోగాలను, 7,249 మంది స్త్రీల వివరాలను పరిశీలించింది. హ్యాచింగ్ లేకుండా 28 శాతం మందికి బిడ్డ పుడుతుందనుకుంటే, హ్యాచింగ్‌తో ఆ సంఖ్య 27 నుంచి 34 మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని తేల్చింది. అంటే కాస్త తగ్గినా తగ్గవచ్చు.

ల్యాబ్_మనిషి:
మాస్టారూ, మీరు 27ను పట్టుకొని 34ను వదిలేశారు. అదే సమీక్షలో క్లినికల్ ప్రెగ్నెన్సీకి, అంటే స్కాన్‌లో కనిపించే గర్భానికి, ఆడ్స్ నిష్పత్తి 1.20 ఉంది (1 అంటే తేడా లేనట్టు, 1 దాటితే హ్యాచింగ్‌తో అవకాశం ఎక్కువైనట్టు), అది కూడా చదవండి.

గుంటూరు_కోడలు:
మా ఆడపడుచుకు హ్యాచింగ్ చేశారు, కవలలు పుట్టారు. ఇంతకంటే ఏం కావాలి?

లెక్కల_మాస్టారు:
అమ్మా, కవలలను వైద్యులు విజయంగా కాదు, ప్రమాదంగా లెక్కిస్తారు. నెలలు నిండకముందే ప్రసవం, తక్కువ బరువు, తల్లికి రక్తపోటు వంటివి అందులో ఎక్కువ. ఆ సమీక్షలోనే బహుళ గర్భాల నిష్పత్తి 1.38గా తేలింది. ల్యాబ్_మనిషి గారూ, స్కాన్‌లో గర్భం కనిపించడం వేరు, బిడ్డ ఇంటికి రావడం వేరు. సజీవ జననం దగ్గర నిష్పత్తి 1.09 మాత్రమే, దాని అంచనా హద్దులు 0.92 నుంచి 1.30 వరకు పోయాయి, అంటే 1 కంటే కిందికీ దిగాయి.

ల్యాబ్_మనిషి:
ఆ ప్రయోగాలలో చాలామందికి ఒకటికి మించి పిండాలు ప్రవేశపెట్టారు. శిరీష గారికి పెట్టేది ఒక్కటే. 1.38ను తెచ్చి ఆమెను భయపెట్టడం ఏం న్యాయం?

లెక్కల_మాస్టారు:
ఒక్క పిండమే విడిపోయి కవలలయ్యే అవకాశం గురించి మీ రంగంలోనివారే హెచ్చరించారు. 1.09 సంగతికి ఇంకా జవాబు రాలేదు.

నల్లగొండ_నాన్న:
మీ ఇద్దరి లెక్కలూ పక్కన పెట్టండి. మా డిశ్చార్జి బిల్లులో హ్యాచింగ్ అన్న వరుస చూసేదాకా అది జరిగినట్టే మాకు తెలియదు. నా భార్య పిండానికి రంధ్రం పెట్టే ముందు ఆమెను అడగలేదు. రాతపూర్వక సమ్మతి లేకుండా ఏ చికిత్సా చేయరాదని సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం చెబుతున్నా ఇదీ పరిస్థితి. అప్పు చేసి వచ్చినవాళ్ల దగ్గర ఇలా వరుస వెంట వరుస చేర్చి గుంజుతారు.

ల్యాబ్_మనిషి:
ఒక ఆసుపత్రి చేసినదానికి మా వృత్తినంతటినీ దొంగలంటారా? బదిలీ విఫలమైన రోజున, "అన్ని మార్గాలూ ఉండగా అది ఎందుకు చేయలేదు?" అని మమ్మల్ని నిలదీసేదీ మీలాంటి దంపతులే. నిరూపణ పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోమంటే 38 ఏళ్ల ఆమెకు ఆ వ్యవధి ఉందా? హాని చేయని అవకాశాన్ని ఆమె ఎందుకు వదులుకోవాలి?

లెక్కల_మాస్టారు:
హాని లేదని కూడా నిరూపణ కాలేదు కదా. సరే, ఇప్పటికి అసలు మాట బయటపడింది. సందేహం ఉన్నప్పుడు రోగికి మేలు జరగవచ్చునన్న వైపే మొగ్గాలంటున్నారు మీరు, కానీ ఆ సందేహానికి ఖరీదు ఆమే కడుతున్నది. బ్రిటన్‌లో చికిత్సలపై ప్రభుత్వ వైద్యసేవకు సలహాలిచ్చే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాలలో, గర్భధారణ రేటును పెంచినట్టు తేలలేదు కనుక దీనిని సిఫారసు చేయడం లేదని రాసింది. మీకు అంత నమ్మకముంటే రుసుము తీసుకోకుండా చేయండి, లేదా ప్రయోగంలో భాగంగా చేసి ఫలితాలు ప్రకటించండి.

ల్యాబ్_మనిషి:
లేజర్ యంత్రం ఉచితంగా రాలేదు మాస్టారూ. రుసుము నిర్ణయించేది యాజమాన్యం. ఆ బల్ల దగ్గర నాకు కుర్చీ లేదు.

నల్లగొండ_నాన్న:
అదే మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు.

శిరీష_బెజవాడ:
ల్యాబ్_మనిషి గారిని ఒకటి అడుగుతాను. కరిగించిన తరువాత పిండం తనంతట తానే పొరను చీల్చుకొని వస్తున్నట్టు కనిపిస్తే?

ల్యాబ్_మనిషి:
అప్పుడు లేజర్‌తో పని లేదు. డబ్బు ముందే కట్టించుకుంటే, చేయని పక్షంలో తిరిగి ఇస్తారా అని అడిగి తెలుసుకోండి.

నల్లగొండ_నాన్న:
నోటిమాటగా వద్దమ్మా, సమ్మతి పత్రం మీదే రాయించుకోండి.