పెళ్లి కాదేమోనన్న భయం లేకపోతే అది ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అవుతుందా?

నీలిసిరా:
జేన్ ఆస్టిన్ 1813 నవలను ఇప్పటి గే కథగా మలిచిన ‘ఫైర్ ఐలాండ్’ (2022) సినిమా చూశాను. గే స్నేహితులు కొందరు న్యూయార్క్ దగ్గరి ఆ దీవిలో సెలవులు గడిపే కథ. నవలలో కథానాయిక ఎలిజబెత్ ఇక్కడ నోవా, ఆమె మనసు గెలిచే డార్సీ ఇక్కడ విల్. నటన బాగుంది, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ నవలలో తండ్రి పోతే ఇల్లు మగ వారసుడైన బంధువు కాలిన్స్ పాలవుతుంది, ఆడపిల్లలు రోడ్డున పడతారు. ఆ తల్లికి అంత టెన్షన్ అందుకే. నోవాకు జోడీ కుదరకపోతే పోయేదేముంది? వారం సెలవులు గడిపి ఇంటికెళ్లిపోతాడు. పేరు వాడుకున్నారంతే.

గోదారిగట్టు:
నీలిసిరా గారూ, ఆ భయం పోలేదండీ, చోటు మారింది. నవలలో మనిషి విందులో అడుగుపెట్టీ పెట్టగానే అతని ఆదాయం ఊరందరికీ తెలిసిపోతుంది. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు, అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు. ఈ దీవిలో డబ్బుతో పాటు ఒళ్లు, రంగు కూడా లెక్కకొస్తాయి. నోవా, అతని స్నేహితుడు హౌవీ ఆసియా మూలాలున్నవాళ్లు. ‘ఆసియావాళ్లు వద్దు’ అన్న మాట వినీ వినీ ఉన్నవాళ్లు. కథ రాసి నోవాగా నటించిన జోయెల్ కిమ్ బూస్టర్, దర్శకుడు ఆండ్రూ ఆన్ ఇద్దరూ కొరియన్ అమెరికన్లు. అందుకే విల్ తనను తక్కువ చేసి మాట్లాడటం నోవా చెవిన పడినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

ఎలిజబెత్ చెల్లెలు లిడియా సంగతి చూడండి. అప్పుడు లేచిపోతే ఇంటిల్లిపాదికీ పరువు పోయేది. ఇప్పుడు నోవా స్నేహితుడు లూక్ వీడియోను అతనికి చెప్పకుండా డెక్స్ నెట్‌లో పెడతాడు. డార్సీ డబ్బు కట్టి సర్దితే, లాయరైన విల్ చట్టం పేరు చెప్పి తీయిస్తాడు. నవలను గుండెకు పట్టించుకున్నవాళ్లే ఇలా రాయగలరు.

హౌవీ, అతను ఇష్టపడ్డ చార్లీల ఎడబాటు మాత్రం తేలిపోయింది. నవలలో బింగ్లీ కోసం ఎలిజబెత్ అక్క జేన్ నెలల తరబడి మౌనంగా కుమిలిపోతుంది. వారం రోజుల్లో ఆ బరువు రాదు.

మల్లెపందిరి:
ఇల్లు పోవడం సినిమాలోనూ ఉంది కదా! వీళ్లందరికీ అమ్మలాంటి ఎరిన్ ఆ ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది. అదే వాళ్లకు అక్కడ ఆఖరి వేసవి. కన్నవాళ్లింట్లో చోటు లేనివాళ్లకు అలాంటి ఇల్లు ఎంతో నాకు తెలుసు. ఆస్టిన్ మరో నవల ఆధారంగా 2000లో వచ్చిన తమిళ సినిమా మన దగ్గర ‘ప్రియురాలు పిలిచింది’గా ఆడింది. అందులోనూ కుటుంబం ఇల్లు వదిలి వెళ్లే చోటే నేను ఏడ్చాను.

నీలిసిరా:
లూక్ విషయం నేను అలా ఆలోచించలేదు, ఆ మాట నిజమే. అయినా ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ ఏదండీ? 27 ఏళ్లొచ్చాయి, ఇక దిక్కులేదని కాలిన్స్‌ను చేసుకున్న మనిషి. నవల మొత్తంలో నన్ను వదలనిది ఆమే. ప్రేమ లేకపోయినా నీడ కోసం తలవంచేవాళ్లు ఆ దీవిలో నాకొక్కరూ కనిపించలేదు.