ఊదా రంగు ఎవరిది? (ఒక పాత ఇంగ్లీషు పాటలో సమాసం చిక్కు)

సభ్యులకు నమస్కారం. మా మనవరాలు ఒక పాత అమెరికా పాట నేర్చుకుని వచ్చి, దాన్ని తెలుగులో చెప్పమని నాలుగు రోజులుగా నా ప్రాణం తీస్తోంది. పాట పేరు ‘ద పర్పుల్ పీపుల్ ఈటర్’. షెబ్ ఊలీ రాసి పాడాడు. 1958 వేసవిలో ఆరు వారాల పాటు అమెరికా పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానంలో ఉంది. ఒంటికన్ను, ఒంటికొమ్ము ఉన్న వింత జీవి ఒకటి ఆకాశం నుంచి దిగుతుంది. అది మనుషులను తినే రకం. తీరా చూస్తే రాక్ అండ్ రోల్ బృందంలో చేరదామని వచ్చింది. కథ ఇంతే.

నా చిక్కంతా ‘పర్పుల్’ దగ్గర. ఆ రంగు తినేదానిదా, తినబడేవారిదా? ‘మనుషులను తినే ఊదా జీవి’ అంటే రంగు జీవికి అంటుకుంటుంది. ‘ఊదా మనుషులను తినే జీవి’ అంటే మనుషులకు అంటుకుంటుంది. ఇంగ్లీషులో రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. తెలుగులో ‘ను’ చేరగానే గుట్టు బయటపడి జోకు చచ్చిపోతోంది. దారి చూపండి.

*

మాస్టారి జవాబు:

విభక్తి వల్ల వచ్చిన చిక్కు కాబట్టి విభక్తిని తీసేయండి. సమాసం చేస్తే సరి. ‘నీలనరభక్షకము’ అనండి. నీలమైన నరభక్షకము అని విడదీస్తే కర్మధారయం, నీలనరులను భక్షించునది అంటే ద్వితీయా తత్పురుష. (నీలం వేరు, ఊదా వేరు అని నాకూ తెలుసు.)

సమాసం ఎలా విడదీయాలన్న గొడవ మనకు కొత్త కాదు. ఇంద్రుడిని చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తూ ‘ఇంద్రశత్రు’ అన్న మాట (ఇక్కడ శత్రువంటే చంపేవాడు) స్వరం తప్పి పలికాడు. ‘ఇంద్రుడికి శత్రువు’ అనే తత్పురుష కావలసింది ‘ఇంద్రుడు శత్రువుగా గలవాడు’ అనే బహువ్రీహి అయింది. ఇంద్రుడిని చంపేవాడు పుట్టవలసిన చోట ఇంద్రుడి చేతిలో చచ్చే వృత్రుడు పుట్టాడు. వృత్రుడి ప్రాణం పోయింది ఒక సమాసం మీద. అమెరికావారిది నయం, పాటతో సరిపెట్టుకున్నారు.

*

మినియాపొలిస్ (అమెరికా) నుంచి ఒకరు:

మాస్టారూ, మా ఊళ్లో ఈ తగవు ఎప్పుడో తేలిపోయింది. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వైకింగ్స్ చొక్కాలు ఊదా రంగువి. 1960ల చివర నుంచి వారి రక్షణ వరుసలోని నలుగురిని ‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’ అనేవారు. అక్కడ తినేవారే ఊదా. ఆ నలుగురిలో ఒకరైన అలన్ పేజ్ తర్వాత మా మినెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆయన ముందు పెడితే తీర్పు ఎటు ఉండేదో మీరే ఊహించుకోండి.

*

ఇంకొకరు:

అంతా బాగుంది కానీ, నేను ఇప్పుడే పాట విన్నాను. నవ్వు రాలేదండీ. ఆ జీవి కీచు గొంతు తప్ప ఏముంది ఇందులో?

*

మొదట రాసిన వ్యక్తి:

మీరన్నది సగం నిజం. ఆ కీచు గొంతు అప్పట్లో వింత. రికార్డు చేసిన గొంతును వేగం పెంచి వినిపించడం 1958లో వెర్రిగా నడిచింది. అదే ఏడాది డేవిడ్ సెవిల్ ‘విచ్ డాక్టర్’ కూడా ఆ కిటుకుతోనే మొదటి స్థానానికి ఎక్కింది. ఇప్పుడు ఏ ఫోనైనా ఆ పని చేస్తుంది. పాటలో ‘షార్ట్ షార్ట్స్’, ‘టెకీలా’ అన్న మాటలు వస్తాయి. రెండూ ఆ ఏడాది మోగిపోయిన పాటలు. అప్పటివారు వినగానే పకపకా నవ్వి ఉంటారు. మనకు పక్కన కూర్చుని ఎవరైనా విప్పి చెప్పాలి, విప్పి చెప్పాక నవ్వు ఎక్కడిది!

అయితే ఒకచోట ఆగి వినండి. నన్ను తినకు అని గాయకుడు బతిమాలతాడు. అది బండగొంతుతో బదులిచ్చిందని చెప్పి, వెంటనే కీచు గొంతు వినిపిస్తాడు. నాకు అక్కడ ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఇక ఆ బదులు ఏమిటంటే, నీ కండ గట్టిది, నిన్ను తినను అని. నువ్వు ఊదా రంగులో లేవు కదా అనదు! అంటే అది అందరినీ తినగలదు, కాబట్టి ఊదా రంగు దానిదే అనుకుంటాం. కాసేపటికి నీ పని ఏమిటని అడిగితే, ఊదా మనుషులను తినడం అంటుంది. ఆకాశం నుంచి దిగినప్పుడు కొమ్ము చెప్పాడు, కన్ను చెప్పాడు, రంగు మాత్రం చెప్పలేదు. ఊలీ తెలిసే చేశాడని నా అనుమానం.

మాస్టారూ, నీలనరభక్షకము గంభీరంగా ఉంది కానీ ఎనిమిదేళ్ల పిల్ల నోట పలకదు. మన ‘పాత పుస్తకాల దుకాణం’ లాంటిది కావాలి. పాతవి పుస్తకాలా, దుకాణమా అని ఎవరూ అడగరు. ‘చిన్న పిల్లల డాక్టరు’ బోర్డు చూసి డాక్టరు చిన్నవాడా అని అడిగేది మా మనవరాలు ఒక్కతే.

*

మాస్టారి జవాబు:

అయితే అచ్చ తెలుగులో రండి. రాక్షసుడికి ‘పొలదిండి’ అని పాత మాట ఉంది. పొల అంటే మాంసం, అది తిండిగా గలవాడు. ఆ అచ్చులోనే ‘మనిషిదిండి’ పోయండి. ముందు ‘ఊదా’ తగిలించండి.

*

మొదట రాసిన వ్యక్తి:

‘ఒంటికన్ను, ఒంటికొమ్ము, ఎగిరే ఊదా మనిషిదిండి.’ తాళానికి కూడా కుదిరింది, మాస్టారూ. సాయంత్రం పాడి వినిపించాను. రంగు సంగతి అడగనే లేదు. ‘ఎగిరే మనుషులను తింటుందా, తాతయ్యా?’ అంది.