పునాది కుంగిన ఇల్లు అద్దె కోసం కొనాలంటే ఎక్కువ వడ్డీ అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న:
అద్దెకివ్వడానికి ఒక ఇల్లు చూశాం. పునాది ఒక మూల కుంగింది. వాల్యుయేషన్ రిపోర్టు చూసి బ్యాంకు లోన్ ఆపేసింది. అమ్మేవాళ్లు ధర బాగా తగ్గిస్తామంటున్నారు. ఎక్కువ వడ్డీకి కొద్దికాలం అప్పు తెచ్చి కొనేసి, రిపేరు అయ్యాక బ్యాంకుకు మార్చుకోవచ్చా?

మొదటి జవాబు:
తీసుకోండి. బ్యాంకు వద్దంది కాబట్టే ధర దిగింది, పోటీ కూడా లేదు. రిపేరు అయితే విలువ పెరుగుతుంది, పాత అప్పు తీర్చేయొచ్చు.

రెండో జవాబు:
నేను ఒప్పుకోనండి. బ్యాంకుకు మార్చుకోవడం మీ చేతిలో లేదు. రిపేరు అయిందని మీరు చెబితే సరిపోదు, స్ట్రక్చరల్ ఇంజినీరు రిపోర్టు, పని చేసినవాళ్ల గ్యారంటీ అడుగుతారు. ఈలోపు ఇల్లు ఖాళీ. అద్దె రాదు, వడ్డీ ఆగదు.

అసలు ఎందుకు కుంగిందో ముందు తేలాలి. పైపు లీకై మట్టి కొట్టుకుపోయి ఉంటే, లీకు ఆపి వాన నీళ్లు గోడకు దూరంగా పోయేలా చేస్తే కదలిక ఆగిపోవచ్చు. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి అయితే నెలల తరబడి పగుళ్లు కొలుస్తూ చూడాలి. 5 మిల్లీమీటర్ల లోపు పగుళ్లను సాధారణంగా పైపై నష్టంగానే లెక్కేస్తారు. 15 దాటితే గోడలో కొంత విప్పి మళ్లీ కట్టాల్సి రావచ్చు. వెడల్పు కంటే ముఖ్యం, ఇంకా కదులుతోందా లేదా అన్నది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు దగ్గర పాత సిమెంటు పూత ఉంటే, అది మళ్లీ విచ్చిందేమో చూడండి. పునాది కింద తవ్వి కాంక్రీటు వేయాల్సి వస్తే, తవ్వాకగానీ అసలు ఖర్చు తెలియదు. అది తెలియకుండా ఇచ్చే తగ్గింపు ఎంత పెద్దదైనా నాకు నమ్మకం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
రిపోర్టు వచ్చేలోగా ఇంకొకరు కొనేస్తే?

రెండో జవాబు ఇచ్చినవారు:
పోటీ లేదని మీరే అన్నారు కదా. ఇంజినీరు రిపోర్టు నచ్చకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించుకోండి. రిపోర్టు చేతికి వచ్చాక, రిపేరు డబ్బు పని జరిగిన కొద్దీ విడుదల చేసే లోన్ ఎవరైనా ఇస్తారేమో అడగొచ్చు. అదీ దొరక్కపోతే అప్పుడు ఎక్కువ వడ్డీ సంగతి ఆలోచించండి. అనుకున్నదానికి రెట్టింపు కాలం పట్టినా వడ్డీ కట్టగలిగితేనే.