అమ్మ చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, స్కేలింగ్ అంటే భయపడుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: అమ్మకు 61 ఏళ్ళు. విదేశంలో ఉంటున్న మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. ఆరు నెలలుగా పళ్ళు తోముకున్నప్పుడల్లా రక్తం కనిపిస్తోంది. షుగర్ కూడా ఉంది. నొప్పి లేదు కదా, డాక్టరెందుకు అంటుంది. స్కేలింగ్‌లో గార (పళ్ళకు అంటుకుని గట్టిపడిన పాచి) తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని ఆమె భయం. మా ఆరోగ్య బీమాలో పళ్ళ వైద్యం లేదు. ఆమెకు ఇక్కడి భాష రాదు, నేనే పక్కన కూర్చుని చెప్పాలి. కొన్నాళ్ళు ఆగవచ్చా?

జవాబు 1: ఆగకండి. నేను దంతవైద్యురాలిని. చిగుళ్ళ జబ్బు నొప్పి లేకుండానే ముదిరి, పంటిని పట్టి ఉంచే ఎముకను అరగదీస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా చెడతాయి, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది.

అమ్మగారి భయం నేను రోజూ వినేదే. కింది ముందు పళ్ళ వెనక ఒకసారి నాలుకతో తడిమి చూడమనండి. గరుకుగా తగిలితే అది గారే. లాలాజలం ఊరే చోటు కాబట్టి అక్కడే ఎక్కువగా పేరుకుంటుంది. ఎముక అప్పటికే అరిగిన పళ్ళను ఆ గార సిమెంటులా అతికించి ఉంచుతుంది. తీసేశాక సందులు బయటపడతాయి, కదలిక తెలుస్తుంది. పళ్ళను వదులు చేసింది జబ్బేనని, స్కేలింగ్ కాదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. వేసుకునే మందులన్నీ రాసి తీసుకెళ్ళండి. ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు, ఎముకల బలానికి వాడే మందులు మరవకండి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

జవాబు 2: భాష సంగతి నేను చెబుతాను. నాన్నగారికి రెండుసార్లు నేనే అనువాదం చేశాను. మూడోసారి ఫోనులో దుబాసీని పెట్టారు. ఎడమ పక్క నమలలేక చాలా కాలంగా కుడి పక్కనే నములుతున్నానని అప్పుడు బయటపెట్టారు. ఖర్చవుతుందని నాకు చెప్పలేదట. అది విని ఆ గదిలో నా మనసు ఎంత కలుక్కుమందో! అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీ దొరుకుతారేమో అడగండి. చాలా ఆసుపత్రులు ఉచితంగానే ఏర్పాటు చేస్తాయి.

ఖర్చుకు భయపడితే దంతవైద్య కళాశాలలు చూడండి. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, రుసుము సాధారణంగా తక్కువ. చికిత్సకు ముందే అంచనా కాగితం మీద రాయించుకుని, వీటిలో ముందుగా తప్పనిసరి ఏది అని అడగండి. పళ్ళకు విడిగా బీమా తీసుకుంటే, పెద్ద చికిత్సలకు ఎన్ని నెలలు ఆగాలో షరతుల్లో చదవండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. గార గురించి చెప్పగానే అమ్మ నాలుకతో తడిమి చూసుకుని, "నిజమే, గరుకుగా ఉంది" అంది. వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ దొరికింది, దుబాసీని కూడా అడిగాను. అప్పటిదాకా తోముకోవడం ఆపమనాలా?

జవాబు 1: అస్సలు ఆపవద్దు. రక్తం వచ్చే చోటే పాచి ఉంటుంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచు వైపు కాస్త వంచి, రుద్దకుండా మెల్లగా తిప్పుతూ రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం ఉండాలి. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్ళతో పుక్కిలించనక్కరలేదు. ఈలోగా ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా వచ్చే వారం దాకా చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి.