పుట నంబర్ల లెక్క ఎడిటర్‌లోనే చేయాలా, స్క్రిప్ట్ రాయాలా?

ప్రూఫ్‌రీడర్:
పునర్ముద్రణకు వెళ్తున్న పుస్తకానికి పదసూచిక సరిచూస్తున్నాను. ముందుమాట పెరగడంతో పుటలన్నీ నాలుగేసి జరిగాయి. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (ఎలాంటి అక్షరాలు వెతకాలో చెప్పే నమూనాతో) అంకెలు దొరుకుతున్నాయి గానీ, దొరికినదానికి 4 కలపమంటే కలపదు. విమ్, ఈమాక్స్ అనే ఎడిటర్లు కలుపుతాయట. మా ఆఫీసులోనేమో "ఎడిటర్‌లో లెక్కలొద్దు, స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాయి" అంటున్నారు. ఏది మంచిదండీ?

విమ్ వాడుకరి:
ఎడిటరే. సబ్‌స్టిట్యూట్ కమాండ్‌లో వెతకడానికి [0-9]\+ ఇవ్వండి. మార్చే చోట \= పెడితే, ఆ తర్వాత రాసినదాన్ని విమ్ లెక్కగా తీసుకుంటుంది. సబ్‌మ్యాచ్(0) అంటే దొరికిన సంఖ్య, కాబట్టి సబ్‌మ్యాచ్(0)+4 అని రాస్తే చాలు. సూచిక ఉన్న లైన్లకే పరిమితం చేయొచ్చు, తేడా వస్తే అన్‌డూ ఉంది.

పైథాన్ వాడుకరి:
ఆ ఒక్క లైనే ఒకసారి నన్ను ముంచింది. నా ఫైల్లో పుటలు 007, 010 అని మూడంకెల్లో ఉండేవి. ముందు సున్నా కనబడితే విమ్ దాన్ని ఆక్టల్‌గా (పదులకు బదులు ఎనిమిదుల లెక్కలో) చదువుతుంది, అంటే 010 దానికి ఎనిమిదే. నాలుగు కలిపితే 14 రావాలి, 12 వచ్చింది. 007కి మాత్రం సరిగ్గా 11 వచ్చింది. నేను మొదటి నాలుగు లైన్లు చూసుకుని, బాగానే ఉందని ఫైలు పంపేశాను. 12 అనేది చూడ్డానికి తప్పులా ఉండదు కదా!

మన అంకెల సంగతి కూడా చూడండి. ౩౭ని పట్టుకొచ్చి కలపమంటే విమ్ దాన్ని సున్నా అనుకుని 4 ఇస్తుంది. పైథాన్ భాషలో ఇంట్ అనే ఫంక్షన్‌కి ౩౭ ఇస్తే 37 అనే చదువుతుంది. పైగా స్క్రిప్ట్ మిగులుతుంది. రేపు ముందుమాట ఇంకో రెండు పుటలు పెరిగితే అసలు ఫైలు మీద మళ్లీ నడుపుకోవచ్చు.

విమ్ వాడుకరి:
ఆక్టల్ మాట నిజమేనండి, నేను ముందే చెప్పాల్సింది. పదుల లెక్కలోనే చదివే ఎస్‌టీఆర్2ఎన్‌ఆర్ ఫంక్షన్ ఉంది, సబ్‌మ్యాచ్‌ని అందులో పెట్టాలి.

ఈమాక్స్ వాడుకరి:
పదసూచికలో అంకెలన్నీ పుటలు కావు, అసలు చిక్కు అక్కడుంది. "ఆంధ్ర మహాసభ (బాపట్ల, 1913), 21" అని ఉందనుకోండి. మారాల్సింది 21 ఒక్కటే. అజాగ్రత్తగా రాసిన స్క్రిప్ట్ మహాసభను 1917కి జరిపేస్తుంది. నాలుగంకెలవి వదిలేయమంటారా? అప్పుడు "సంపుటం 2" పోయి 6 అవుతుంది. ఏది పుటో మనిషే చూసి చెప్పాలి.

ఈమాక్స్‌లోని క్వెరీ రీప్లేస్ రెజెక్స్‌ప్ కమాండ్‌లో \([0-9]+\) వెతికి, మార్చే చోట \,(+ 4 \#1) ఇవ్వండి; \#1 అంటే దొరికిన సంఖ్య. 2007లో వచ్చిన 22వ వెర్షన్ నుంచీ ఇది ఉంది. ప్రతి అంకె దగ్గరా ఆగి, లెక్క కట్టాక వచ్చే సంఖ్యనే చూపించి అడుగుతుంది. విమ్‌లోనూ ఒక్కోటి అడిగించుకోవచ్చు గానీ, అక్కడ కనిపించేది మనం రాసిన సూత్రం, జవాబు కాదు. నేను ఎడిటర్ వైపు నిలబడేది ఈ ఒక్క కారణానికే.

పైథాన్ వాడుకరి:
బాపట్ల ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ వెయ్యి సార్లు అవును, కాదు నొక్కే చెయ్యి ఎక్కడో పొరబడుతుంది. చివర్లో పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ డిఫ్ (తేడాల జాబితా) తీసి చూడకుండా మాత్రం పంపకండి.

ప్రూఫ్‌రీడర్:
కాపీ తీసుకుని ఈమాక్స్‌లో మొదలుపెట్టాను. "అ" అయ్యేసరికి మూడు చోట్ల కాదు అనాల్సి వచ్చింది, మూడూ సంవత్సరాలే. "క" దాకా వెళ్లాక డిఫ్ తీస్తాను.