స్నాతకోత్సవాల్లో గౌరవ డాక్టరేట్లు ఏ ప్రాతిపదికన ఇస్తారు?

ప్రశ్న: వచ్చే నెల స్నాతకోత్సవంలో మా అమ్మాయి పట్టా అందుకోబోతోంది. అదే వేదికపై ఒక రంగస్థల కళాకారుడికి గౌరవ డాక్టరేట్ ఇస్తారని ఆహ్వానపత్రంలో చూశాను. పరిశోధన చేయనివారికి డాక్టరేట్ ఎలా ఇస్తారో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: అమ్మాయికి ఆశీస్సులండీ. ఇది జీవితకాల కృషికి ఇచ్చే గౌరవం కాబట్టి పరీక్షలు, సిద్ధాంత వ్యాసం ఉండవు. సాధారణంగా పాలకమండలి సిఫారసు చేసిన పేరును కులపతి ఆమోదించాక, వేదికపై ప్రశంసాపత్రం చదివి ప్రదానం చేస్తారు. ఉద్యోగానికో పదోన్నతికో ఇది అర్హత కాదు.

మరో జవాబు: ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇలాంటి గౌరవాన్ని ‘కళాప్రపూర్ణ’ పేరుతో ఇచ్చేది. సవర గిరిజనుల మధ్య తిరిగి, వారి భాష నేర్చుకొని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారికి 1938లో, జాషువా గారికి 1970లో అది దక్కింది. అంతటి కృషిని గుర్తించడానికి ఇంతకన్నా తగిన మార్గం లేదని నా నమ్మకం. పరిశోధించి డాక్టరేట్లు సంపాదించిన అంబేడ్కర్ గారికి కూడా ఉస్మానియా 1953లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.